హీటర్ బాగానే ఉంది, వేడినీళ్లే రావట్లేదు

దుబాయ్‌లో కూడా చలి పెడుతుందంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. డిసెంబర్ చివరికి వచ్చేసరికి రాత్రిపూట 14, 15 డిగ్రీలకు దిగుతుంది. అప్పటిదాకా ఏసీ కంప్లైంట్లతో నిండిపోయిన మా ఫోన్లలో జాబ్ కార్డులు, అంటే ఏ ఇంట్లో ఏ పనో చెప్పే చీటీలు, ఒక్కసారిగా మారిపోతాయి. ఫ్లాట్ నంబర్, దాని కింద ఒకటే మాట: 'హీటర్ నాట్ వర్కింగ్'. బిల్డింగ్ మెయింటెనెన్స్‌లో ప్లంబర్‌గా పనిచేస్తున్న నాకు జనవరి అంతా ఇదే పని. తీరా వెళ్లి చూస్తే హీటర్‌కు ఏ జబ్బూ లేని ఇళ్లు చాలానే ఉంటాయి.

ఈ కష్టం చలికాలంలో బయటపడుతుంది గానీ, చాలాసార్లు పుట్టేది ఎండాకాలంలోనే. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని రూల్. అంత ఎండలో డాబా మీద నీళ్ల ట్యాంకులుంటే ఏమవుతుంది? చన్నీళ్ల ట్యాప్ తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకే ఇక్కడి పాతకాపులు హీటర్ స్విచ్ ఆపేస్తారు. హీటర్ ట్యాంకు బాత్రూం ఫాల్స్ సీలింగ్ పైన, ఏసీ గదుల మధ్య ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు మెల్లగా చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ల వైపు తిప్పితే చన్నీళ్లు, చన్నీళ్ల వైపు తిప్పితే వేడినీళ్లు. రెండూ కలుపుకుని స్నానం కానిస్తారు. అలా నెలల తరబడి హీటర్ సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆ మధ్యలో నీళ్లు కాచే ఎలిమెంట్ పోయినా, వాల్వ్ బిగుసుకుపోయినా తెలిసేది డిసెంబర్‌లోనే.

హీటర్‌తో ఇంకో చిక్కు, అది ఎవరి పనో తేలకపోవడం. నీళ్లు కాబట్టి ప్లంబర్ చూడాలంటాడు ఎలక్ట్రీషియన్. కరెంటు కాబట్టి ఎలక్ట్రీషియన్ చూడాలంటాడు ప్లంబర్. ప్లంబర్ వచ్చి నీళ్లు వస్తున్నాయి, లీకేజీ లేదని రాసి సంతకం పెట్టించుకుంటాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు అందుతోందని రాసి వెళ్తాడు. ఇద్దరు రాసిందీ నిజమే. ఇంట్లోవాళ్లకు మాత్రం చన్నీళ్లే గతి. ఆఖరికి ఎవరో ఒకరు హీటర్ మార్చాలని రాసేస్తారు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఈ పని చేసేవాడికి నీళ్లూ తెలియాలి, కరెంటూ తెలియాలి.

జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి నేను ప్లంబర్ వీసా మీద వచ్చాను. కరెంటు పరీక్షించే మీటర్ పట్టుకోవడం నేర్పింది మా క్యాంపు రూమ్‌లో కింది మంచం మీద పడుకునే కేరళ ఎలక్ట్రీషియన్. అందరం చేట్టా (మలయాళంలో అన్న) అనే పిలుస్తాం. సెలవు రోజు వంట అయ్యాక పాత ఎలిమెంట్ ఒకటి ముందు పెట్టుకుని ఓపిగ్గా చెప్పేవాడు. 1500 వాట్ల ఎలిమెంట్ అయితే రెండు కొనల మధ్య మీటర్ 35 ఓమ్‌ల దరిదాపుల్లో చూపించాలి. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టు. కొనకీ పైనున్న లోహానికీ మధ్య ఏ కాస్త చూపించినా ఆ ఎలిమెంట్‌ను ఇంట్లో ఉంచకూడదు. ఇది ఏ ట్రైనింగ్ సెంటర్‌లోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా షూ కవర్లు తొడుక్కుని లోపలికి పోగానే నిచ్చెన వెయ్యను. వేడినీళ్లు షవర్‌లోనే రావట్లేదా, వాష్‌బేసిన్‌లో కూడా రావట్లేదా అని ముందు అడుగుతాను. హిందీ రానివాళ్లయితే చేత్తో ట్యాప్ చూపించి అడుగుతాను. సగం పని ఈ ప్రశ్నతోనే అయిపోతుంది. బేసిన్‌లో వేడిగా వచ్చి, పక్కనే ఉన్న షవర్‌లో రాకపోతే హీటర్ జోలికి పోనక్కర్లేదు, షవర్ మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి వదిలే ట్యాప్, విప్పి లోపల ఆ నీళ్లను కలిపే కార్ట్రిడ్జ్ చూడాలి. డాబా మీది ట్యాంకు కడిగిన తర్వాత ఇసుక, తుక్కు కొట్టుకొచ్చి అందులో ఇరుక్కోవడం మామూలే. డిగ్రీల అంకెలున్న మిక్సర్ అయితే 38 దగ్గర ఆగిపోతుంది. దాని మీదున్న చిన్న బటన్ నొక్కిపట్టి తిప్పితేనే ముందుకు వెళ్తుంది. పిల్లల ఒళ్లు కాలకుండా పెట్టిన ఏర్పాటు అది. కొత్తగా దిగినవాళ్లకు ఎవరూ చెప్పరు, పాపం.

ఇల్లంతా ఎక్కడా వేడి లేకపోతే, స్విచ్ వేసి ఎంతసేపయిందో అడగాలి. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలకు మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ అలవాటు. అలా వేయగానే ఇలా వచ్చేస్తాయి. ఇక్కడ మా బిల్డింగుల్లో ఎక్కువగా ఉండేవి 50 లీటర్ల ట్యాంకులు, ఎలిమెంట్ 1500 వాట్లు. చలికాలంలో 20 డిగ్రీల నీళ్లు 60కి చేరాలంటే గంటన్నర పైనే పడుతుంది. మొదట రెండు నిమిషాలు వేడిగా వచ్చి తర్వాత చల్లబడిపోతున్నాయంటే పైపులు తారుమారుగా బిగించారేమో చూస్తాను. నీలం రింగు ఉన్నచోట చన్నీళ్లు లోపలికి పోవాలి, ఎరుపు రింగు నుంచి వేడినీళ్లు బయటికి రావాలి. హీటర్ మార్చినప్పుడు తొందరలో అటుదిటు బిగించి వెళ్లినవాళ్లున్నారు.

అన్నిటికంటే మనుషుల్ని ఎక్కువ తిప్పలు పెట్టేది గోరువెచ్చని నీళ్ల కేసు. నీళ్లు పూర్తిగా చల్లగా ఉండవు, వేడిగానూ ఉండవు. స్విచ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. పోయిన చలికాలంలో గుంటూరు వాళ్ల ఫ్లాట్‌కు ఇలాంటిదానికే వెళ్లాను. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లిపోయారు, విజిట్ వీసా మీద వచ్చిన పెద్దావిడ తలుపు తీసింది. స్టవ్ మీద కాగిన నీళ్ల గిన్నెను కొంగుతో పట్టుకుని, నున్నటి టైల్స్ మీద బాత్రూం దాకా మోసుకెళ్లబోతోంది.

"అమ్మా, ఆగండి, నేను పెడతాను" అని గిన్నె అందుకున్నాను.

"తెలుగువాడివా బాబూ! హీటర్ మార్చాలని రాసిపోయారు. ఓనర్ ఇంకా ఊ అనలేదంట. రోజూ ఇదే తంతు."

"ముందు చూద్దాం ఉండండమ్మా."

బ్రేకర్ ఆపి, సీలింగ్ మూత తీసి, హీటర్ నుంచి బయటికొచ్చే పైపు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ట్యాంకులో నీళ్లు బాగానే కాగాయి. హీటర్‌లోకి చన్నీళ్లు పోయే వాల్వ్ పూర్తిగా కట్టేసి, కిందికి దిగి బేసిన్ ట్యాప్‌ను వేడి వైపు తిప్పాను. దారి మూసేశాం కాబట్టి ధార సన్నబడి ఆగిపోవాలి. ఆగలేదు. అదే జోరుతో వస్తూనే ఉంది, నిమిషం తిరక్కుండా చల్లగా అయిపోయింది. హీటర్‌ను తాకకుండానే చన్నీళ్లు ఎక్కడి నుంచో వేడినీళ్ల పైపులోకి దూరుతున్నాయన్నమాట.

ఇక ఆ దొంగదారి పట్టుకోవడమే. కమోడ్ పక్కనున్న హ్యాండ్ స్ప్రేకి చిన్న మిక్సర్ ఉంది. దాని లివర్ మధ్యలో తెరిచి ఉంది. స్ప్రే ట్రిగ్గర్ మూసి ఉంది కాబట్టి బయటికి చుక్క కూడా కారట్లేదు. కానీ లోపల చన్నీళ్ల పైపూ వేడినీళ్ల పైపూ కలిసిపోయి ఉన్నాయి. షవర్‌లో వేడి వైపు తిప్పగానే ఆ పైపులో ప్రెషర్ తగ్గుతుంది. హీటర్ గుండా చుట్టు తిరిగి వచ్చే నీళ్లకంటే ముందు, ఈ దగ్గరి దారిలో చన్నీళ్లు దూరిపోతాయి. ఎండాకాలంలో కాలే నీళ్లకు భయపడి ఎవరో ఆ లివర్‌ను మధ్యకు తిప్పి అలాగే వదిలేసి ఉంటారు. లివర్ కట్టేయగానే బేసిన్‌లో ధార సన్నబడి ఆగిపోయింది. వాల్వ్ మళ్లీ తెరిచి, బ్రేకర్ వేసి, షవర్ వదిలాను. కాసేపటికి పొగలు కక్కాయి.

పెద్దావిడ చెయ్యి తడుపుకుని చూసి, "ఇంత చిన్నదానికా బాబూ ఇన్నాళ్లు!" అంది. ఇడ్లీ తిని వెళ్లేదాకా ఊరుకోలేదు. జాబ్ కార్డులో హీటర్ మార్చనక్కర్లేదని రాసి, స్ప్రే వాడాక మిక్సర్ కూడా కట్టేయాలని తెలుగులో చీటీ రాసి బాత్రూం తలుపుకు అంటించి వచ్చాను.

కరెంటు విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. హీటర్ స్విచ్ వేయగానే, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే ఈఎల్‌సీబీ పడిపోతోందంటే, చాలాసార్లు ఎలిమెంట్ చిట్లి కరెంటు లీకవుతోందని అర్థం. "చుట్టాలొచ్చారు, ఈ ఒక్క రోజుకి దాన్ని బైపాస్ చేసి వెళ్లు భాయ్" అని బతిమాలేవాళ్లుంటారు. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి స్నానం చేసే మనిషిని కాపాడేది అదే. సూపర్‌వైజర్ అరిచినా సరే, ఆ పని చెయ్యను. బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో రెండు వైర్లూ చూసుకోనిదే హీటర్ మూత విప్పను. గల్ఫ్ నుంచి పెట్టెల్లో ఇళ్లకు చేరిన మనుషులను మా ఊళ్ల వైపు చూసినవాళ్లమే. అరగంట పని తొందరలో ఇంకొకరు అలా వెళ్లకూడదు.

ఊరి నుంచి కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, ప్లంబింగ్ నేర్చుకుని వస్తే చాలా?" అని అడుగుతుంటారు. చాలదని చెబుతాను. మీటర్ కూడా నేర్చుకుని రండి, రెండూ వచ్చినవాణ్ని ఇక్కడ మల్టీ టెక్నీషియన్‌గా తీసుకుంటారు, జీతంలో తేడా ఉంటుంది. మా స్టోర్‌లో మీటర్లు ఎలక్ట్రీషియన్లకే ఇస్తారు. నేను వాడేది దుబాయ్‌లోని దేరా బజారులో నా డబ్బుతో కొనుక్కున్నది. ప్లంబర్లకు కూడా ఒకటి ఇప్పించమని మీటింగ్ జరిగినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

ఇక్కడ అద్దెకుండే తెలుగువాళ్లకు ఒక మాట. కంప్లైంట్‌లో 'హీటర్ పనిచేయట్లేదు' అని రాసి వదిలేయకండి. ఏ ట్యాప్‌లో వేడి వస్తోంది, ఎందులో రావట్లేదు, స్విచ్ లైటు వెలుగుతోందా, బ్రేకర్ పడిపోతోందా, నీళ్లు మొదటి నుంచీ చల్లగానే ఉన్నాయా, కాసేపయ్యాక చల్లబడుతున్నాయా, ఇవి రాయండి. కంప్లైంట్ పెట్టేముందు హ్యాండ్ స్ప్రే దగ్గర, వాషింగ్ మెషిన్ దగ్గర, వంటింటి సింక్ దగ్గర ఉన్న మిక్సర్లన్నీ గట్టిగా కట్టేసి, గంటన్నర ఆగి షవర్ తిప్పి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ సంగతి కూడా రాయండి, ప్లంబర్‌నీ ఎలక్ట్రీషియన్‌నీ ఒకేసారి పంపమని అడగండి.