పాత వర్క్‌స్టేషన్‌లో ఆటలు: దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి పెట్టకూడదు

మా ఇంట్లోని హెచ్‌పీ జెడ్440 ఆఫీసుల్లో భారీ పనులకు వాడే వర్క్‌స్టేషన్ కంప్యూటర్, ఆటల కోసం కొన్నది కాదు. లీజు గడువు తీరాక ఏదో కంపెనీ వదిలించుకున్న యంత్రం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే, నా బ్లెండర్ (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్) పనికి పనికొస్తుందని తీసుకున్నాను. అందులో ఆరు కోర్ల జియాన్ ఈ5-1650 వీ3 ప్రాసెసర్, 32 జీబీ మెమరీ, 4 జీబీ క్వాడ్రో కే2200 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ఇంజినీరింగ్ చదువుకోవడానికి మా దగ్గరికి వచ్చిన మేనల్లుడు దాన్ని చూసినప్పటి నుంచి, "మామయ్యా, ఒక్క గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలు, గేమింగ్ పీసీ అయిపోతుంది" అని పోరు పెడుతున్నాడు.

కార్డు మార్చక తప్పదన్నంత వరకు వాడి మాట నిజమే. కే2200 క్యాడ్ (కంప్యూటర్‌లో ఇంజినీరింగ్ డిజైన్) బొమ్మలు గీసేవారి కోసం 2014లో వచ్చిన కార్డు. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ నుంచి అందే కరెంటుతోనే నడిచిపోయే 68 వాట్ల సరుకు. ఇప్పటి ఆటలను దానితో ఆడించాలనుకోవడం అత్యాశ. అయితే కార్డు మార్చినంత మాత్రాన సరిపోతుందా అన్నది ప్రాసెసర్‌ను బట్టి ఉంటుంది, అమ్మేవాళ్లు ఎక్కువగా బోల్తా కొట్టించేదీ అక్కడే. పద్నాలుగు కోర్ల జియాన్ అంటే వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, ఈ5-2680 వీ4 మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. చాలా ఆటల్లో భారమంతా రెండు మూడు కోర్ల మీదే పడుతుంది కాబట్టి మిగిలినవి ఊరికే కూర్చుంటాయి. మా 1650 వీ3 కోర్లు ఆరే అయినా 3.5 నుంచి 3.8 గిగాహెర్ట్జ్ వరకు పరుగెత్తుతాయి గనుక ఆటలకు అదే మేలు. అలాగని మురిసిపోనక్కర్లేదు: 2022లో మార్కెట్లోకి వచ్చిన నాలుగు కోర్ల ఐ3-12100 కూడా ఒక్కో కోర్ వేగంలో దీన్ని తేలిగ్గా దాటిపోతుంది.

వాదించుకోవడం కన్నా పరీక్షించి చూడడమే నయమని ఒక స్నేహితుడి దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు అరువు తెచ్చాము. పక్క మూత తీస్తే మా 700 వాట్ల పవర్ సప్లై నుంచి గ్రాఫిక్స్ కార్డు కోసం వచ్చే తీగలు రెండు కనిపించాయి, రెండూ ఆరు పిన్నులవే; కార్డు అడిగేది మాత్రం ఎనిమిది పిన్నులది. ఆ రెండింటినీ కలిపి ఒకే ఎనిమిది పిన్నుల మొనగా మార్చే అడాప్టర్ వాడాము. ఒక్కో ఆరు పిన్నుల తీగకు 75 వాట్లు, స్లాట్‌కు ఇంకో 75 చొప్పున లెక్క వేసుకుంటే 170 వాట్ల కార్డుకు ఇబ్బంది లేదు. హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా తీగ నుంచి కరెంటు లాగే చవక అడాప్టర్లను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, వాటి మొనలు అంత భారానికి కరిగిపోతాయి. పవర్ సప్లై మార్చుకుందామన్నా, ఈ యంత్రం మదర్‌బోర్డు కనెక్టర్లు హెచ్‌పీ సొంత తరహావి. బజారులో దొరికే మామూలు సప్లై నేరుగా అతకదు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ను 1080పీలో ఆడించినప్పుడు గ్రాఫిక్స్ కార్డు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తూ కనిపించింది, అంటే అక్కడ ప్రాసెసర్ అడ్డు రావడం లేదన్నమాట. కౌంటర్ స్ట్రైక్ 2లో కథ తిరగబడింది. రిజల్యూషన్ 720పీకి దించినా ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) దాదాపు పెరగలేదు, కార్డు సగం ఖాళీగా ఉంది, ప్రాసెసర్ మాత్రం ఆయాసపడుతోంది. సెట్టింగులు తగ్గించినా వేగం పెరగకపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా డబ్బు దండగే. మా వాడి గుణం తెలుసు గనుక చెబుతున్నాను, వాడికి కావలసింది అడవుల్లో గుర్రం మీద తిరిగే ఆటలే. 144 హెర్ట్జ్ తెర ముందు కూర్చుని పోటీ షూటింగ్ ఆటలు ఆడేవారికైతే ఈ యంత్రం వద్దనే చెబుతాను.

ఇంకొక చిక్కు విండోస్‌ది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ తరం ప్రాసెసర్లు లేవు. విండోస్ 11లో పోటీ షూటింగ్ ఆట వాలొరంట్ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌నూ సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాటునూ అడుగుతుంది, లినక్స్‌లో అసలే నడవదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొనే ఒంటరి ఆటలు మాత్రం, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ పుణ్యమా అని లినక్స్‌లో చాలావరకు నడుస్తున్నాయి.

ఇవన్నీ చూశాక నేను పెట్టుకున్న నియమం ఇది: రేపు కొత్త యంత్రంలోకి మార్చుకోగలిగిన దాని మీదే ఖర్చు పెట్టాలి, ఈ పెట్టెతోపాటే పోయేదానికి రూపాయి పెట్టకూడదు. కార్డు, ఎస్‌ఎస్‌డీ మొదటి కోవలోకి వస్తాయి. ప్రాసెసర్ రెండో కోవలోనిది. ఇందులోని రిజిస్టర్డ్ ఈసీసీ (సర్వర్ తరహా) మెమరీ కూడా అంతే, మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు. పైగా 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎలా ఎగబాకాయో చూస్తే, ఉన్న 32 జీబీని కదపకుండా ఉంచుకోవడమే లాభం. కొత్త పీసీ కట్టుకోవడాన్ని ప్రస్తుతానికి వాయిదా వేయడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

కార్డు ఎంపికలోనూ పాత స్లాట్ సంగతి చూసుకోవాలి. ఇది పీసీఐఈ (కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారి) మూడో తరం స్లాట్, ఆ దారిలోని వరసలనే లేన్లు అంటారు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు నాలుగు లేన్లతోనే నడుస్తుంది కాబట్టి ఇక్కడ బాగా దెబ్బతింటుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూడగలిగే ఏర్పాటు) లేకపోతే చతికిలబడతాయి, ఈ బోర్డు బయోస్ (మొదలు నడిచే ప్రోగ్రాం)లో ఆ ఏర్పాటు లేదు. ఎనిమిది లేన్ల ఆర్‌ఎక్స్ 6600కూ ఆర్‌టీఎక్స్ 4060కూ నష్టం కొద్దిపాటిదే గానీ, వాటి 8 జీబీ నిండిపోతే మిగతా సరుకు ఈ ఇరుకు దారి గుండా మెయిన్ మెమరీకి వెళ్లి రావాలి, అప్పుడు ఆట తడబడుతుంది. పదహారు లేన్లు, 12 జీబీ ఉన్న 3060 నాకు అందుకే నచ్చింది. బ్లెండర్ రెండరింగ్‌కూ అక్కరకు వస్తుంది కనుక ఖర్చులో సగం నా పని ఖాతాలో రాసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ 3060 ఒకటి చూసి పెట్టమని సీటీసీలో తెలిసిన దుకాణదారుడికి చెప్పాను. అరగంట ఆట నడిపి, ఫ్యాన్ల మోతా ఉష్ణోగ్రతా చూశాకే డబ్బు ఇస్తానన్నాను. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తుంది. 140 వాట్ల ప్రాసెసర్, 170 వాట్ల కార్డు, మానిటర్ కలిస్తే దాని అంచుకు చేరుతుంది గనుక, కార్డుతోపాటు 1000 వీఏది కూడా కొనాలి. అదీ రేపటి యంత్రానికి పనికొచ్చేదే.