కొత్త హోస్టు ఎక్కిన వీఎం వెనక్కి రానంది

మా వీఎంలను (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్లు) పాత హోస్టుల నుంచి, అంటే వాటిని నడిపే సర్వర్ల నుంచి, కొత్తవాటికి మార్చాలి. పాతవి 2013 నాటి జియాన్ ఈ5-2600 వీ2 ప్రాసెసర్లవి, కొత్తవి 2021లో వచ్చిన ఐస్ లేక్ ప్రాసెసర్లవి. స్టోరేజ్ రెండింటికీ ఒకటే, అంటే డిస్కులు కదిలించే పని లేదు, వీమోషన్‌తో (నడుస్తున్న వీఎంని ఆపకుండా మరో హోస్టుకి మార్చే వీఎంవేర్ సదుపాయం) మెమరీ పంపితే చాలు. శనివారం రాత్రి కూర్చుంటే తెల్లారేసరికి అయిపోతుందనుకున్నాం. చాలావరకు అలాగే జరిగింది కూడా, మధ్యలో ఒక్క పింగ్ పోవడం తప్ప యూజర్లకేమీ తెలియలేదు. రెండు వీఎంలు మాత్రం కదలనని మొండికేశాయి. చూస్తే ఎప్పుడో వాటి వర్చువల్ సీడీ డ్రైవ్‌లో పెట్టి మర్చిపోయిన ఐఎస్ఓ (సీడీకి బదులు వాడే ఫైలు)!

64 జీబీ డేటాబేస్ వీఎం దగ్గర కాస్త టెన్షన్ పడ్డాం. 1 జీబీపీఎస్ లింకు మీద లెక్క ప్రకారమే ఎనిమిదిన్నర నిమిషాలు, అది కూడా మెమరీ మారకుండా ఉంటే. నడుస్తున్న డేటాబేస్‌లో మెమరీ పేజీలు మారుతూనే ఉంటాయి, మారినవన్నీ మళ్లీ పంపాలి. 10 జీబీపీఎస్ పోర్టుకి మార్చాక గానీ కుదుటపడలేదు.

అసలు దెబ్బ బిల్లింగ్ వీఎం దగ్గర తగిలింది. అటు పంపాక, ఎలాగూ డౌన్‌టైమ్ ఉంది కదా అని పవర్ ఆఫ్ చేసి ర్యామ్ పెంచి ఆన్ చేశాం. రాత్రి రెండింటికి ఆ కొత్త హోస్టులో మెమరీ ఎర్రర్లు మొదలయ్యాయి. సరే, పాతదానికి పంపేద్దాం అంటే, "అన్నా, ఇది వెనక్కి పోవట్లేదు, సీపీయూ కుదరదంటోంది" అన్నాడు మా జూనియర్. తప్పు నాదే. క్లస్టర్‌కి (హోస్టుల గుంపుకి) ఈవీసీ పెట్టలేదు, అంటే ఏ హోస్టు మీదైనా వీఎంలకు ఒకే స్థాయి సీపీయూ కనిపించేలా చేసే సెట్టింగ్. పాత హోస్టు మీద ఆన్ అయిన వీఎం ఎటు పంపినా పాత సీపీయూనే చూస్తుంది, అందుకే మిగతావన్నీ ఎటైనా తిరిగాయి. ఇది కొత్తదాని మీద ఆన్ అయ్యింది కాబట్టి ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 లాంటి కొత్త సీపీయూ ఇన్‌స్ట్రక్షన్లన్నీ చూసేసింది, అవి లేని చోటికి ఆన్‌లో ఉండగా రాలేదు. షట్‌డౌన్ చేసి పాత హోస్టు మీద ఆన్ చేశాం, బిల్లింగ్ వాళ్ల ఫోన్లు కూడా ఎత్తాం.

హోస్టులు ఖాళీగా ఉన్నప్పుడే ఐవీ బ్రిడ్జ్ (మా పాత సీపీయూల తరం) స్థాయికి ఈవీసీ పెట్టుంటే రెండు నిమిషాల పని! ఇప్పుడు పెట్టాం. పాతవన్నీ తీసేశాక ఆ స్థాయి పెంచాలి. పెంచినా లోపల రీబూట్ చేస్తే సరిపోదు, ప్రతి వీఎం పూర్తిగా ఆఫ్ అయి ఆన్ అవ్వాలి. మళ్లీ డౌన్‌టైమ్ అడగడానికి బిల్లింగ్ వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారన్నది ఇంకా తేలలేదు.