బూట్లు సంచిలో, సంచి చేతిలో: హిమేజీ కోట ఎక్కిన రోజు

జపాన్‌లో ఒసాకా నుంచి హిమేజీకి రైల్లో గంట ప్రయాణం. స్టేషన్ బయటికి రాగానే నిటారుగా సాగిన రోడ్డు చివర తెల్లటి కోట. "పక్కనే కదరా" అన్నారు నాన్న. ఆ పక్కకి ఇరవై నిమిషాలు నడిచాం. ఆయన మోకాళ్ల గురించి నాకు ఒకటే టెన్షన్.

లోపలి ద్వారాల పేర్లు ఇ, రో, హ, ని... మన అ ఆ ఇ ఈల్లాగా వాళ్ల పాత అక్షరక్రమం. పేర్లు వరసగానే ఉన్నాయి, దారే వరసలో లేదు. కోట ఎదురుగా కనిపిస్తుంటే దారి మాత్రం వెనక్కి మళ్లుతుంది. దండెత్తి వచ్చినవాణ్ణి తిప్పలు పెట్టడానికట. గోడల్లో గుండ్రంగా, మూడు మూలలుగా, నలుచదరంగా కన్నాలు. బాణాలకీ తుపాకులకీ. ఒకదాంట్లోంచి తొంగి చూస్తే మేం ఆయాసపడుతూ వచ్చిన దారే కనిపించింది.

1609లో పూర్తయిన పెద్ద భవనం గుమ్మం దగ్గర బూట్లు విప్పి ప్లాస్టిక్ సంచిలో వేసుకోవాలి. బయటికి ఐదంతస్తులు, లోపల ఆరు, కింద నేలమాళిగ. మెట్లంటారు గానీ అవి అటక నిచ్చెనలే. ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో కమ్మీ, కాళ్లకి నైలాన్ సాక్సు, కింద నున్నటి చెక్క. రెండో అంతస్తు చేరేలోపే జారి పిక్క ఎముక కొట్టుకుంది. నాన్న నా సంచి కూడా లాక్కుని, రెండూ ముడేసి భుజాన వేసుకున్నారు. "సాక్సు తీసెయ్, వేళ్లకి పట్టు దొరుకుతుంది." దొరికింది.

మూడో అంతస్తులో ఆయన కదల్లేదు. భవనాన్ని మోసే రెండు మహా స్తంభాల్లో పడమటిదాన్ని 1956-64 మరమ్మతుల్లో మార్చారు. తెస్తుండగా దుంగ విరిగితే రెండు మాన్లు కలిపి నిలబెట్టారు. ఆ అతుకు కోసం చేతులు వెనక్కి కట్టుకుని స్తంభం చుట్టూ తిరిగారు.

పైన చిన్న గుడికి దణ్ణం పెట్టుకుని, దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టే వెనక్కి తిరిగి దిగాం.

బయట బూట్లు వేసుకుంటూ గోడ వంక చూశారు. ముప్పై ఏళ్ల తాపీపని ఆయనది. సున్నంలో సముద్రపు నాచు జిగురు, నార కలుపుతారని చెప్పాను.

"బెల్లం వెయ్యరా? కరక్కాయ?"

"వెయ్యరు నాన్నా."

"2015లో మరమ్మతు అయిందన్నావు కదా. అదిగో, చూరు కింద అప్పుడే నల్లబడుతోంది" అన్నారు, లేస్తూ.