గీత దాటిన ఎరుపు

గడచిన సంవత్సరం ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు సాయంత్రం, జనగామ దగ్గర మా అత్తగారి ఊరిలో చెలక గట్ల వెంట గునుగు, తంగేడు కోస్తుండగా ఎడమ కాలి చీలమండకు కొంచెం పైన ఏదో చురుక్కుమంది. వంగి చూస్తే పురుగు కనిపించలేదు, శనగగింజంత దద్దురు మాత్రం కనిపించింది. పడుకునే వేళకు దాని చుట్టూ అరచేయంత మేర ఎర్రబడి, ఉబ్బి, వేడెక్కింది. దురద ఎంత ఘోరంగా ఉందంటే, నిద్రలోనే గోకి గోకి తెల్లవారేసరికి గోళ్ల సందుల్లో రక్తం ఎండిపోయి ఉంది.

నొప్పికి ఉన్న మర్యాద మన ఇళ్లలో దురదకు లేదు. నొప్పి అంటే కూర్చోబెట్టి నీళ్లిస్తారు, దురద అంటే గోకకుండా ఉండమని చెప్పి తమ పనిలోకి వెళ్లిపోతారు. మా అత్తమ్మ మాత్రం అలా వెళ్లలేదు. ఆమెకు తెలిసిన వైద్యం ఆమె చేసింది, పసుపులో సున్నం కలిపి పట్టు వేసింది. అప్పటికే గోకుడుతో చర్మం లేచిపోయిన చోట సున్నం పడి భగ్గుమంది. ఆమె ప్రేమను నేను ఎన్నడూ తప్పుపట్టను. నా కోపమంతా మందుల దుకాణం మీదనే. కాలు చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా, "దద్దుర్లకు ఇదే, రెండు రోజుల్లో పోతది" అంటూ అతను ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది క్లోబెటసాల్, స్టెరాయిడ్ లేపనాల్లో అత్యంత తీవ్రమైన వాటిలో ఒకటి. ఇటువంటి పూత మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చినా, మా దగ్గర వాటిని తలనొప్పి మాత్రల్లాగే అమ్ముతున్నారు.

రాసిన మరుసటి రోజే దురద తగ్గింది, ఎరుపు కూడా వెలిసిపోయింది, నేను సంతోషించాను. గోళ్లతో చీల్చిన చర్మం గుండా లోపలికి చేరిన సూక్ష్మజీవులు ఆ పూత కింద నిశ్శబ్దంగా పెరుగుతున్నాయని అప్పుడు నాకెలా తెలుస్తుంది? నాకు మధుమేహం ఉందన్న సంగతి కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆరో రోజును అలిగిన బతుకమ్మ అంటారు, ఆనాడు బతుకమ్మను పేర్చరు. వాకిళ్లలో పాట లేదు, ఊరు తొందరగా పడుకుంది. రాత్రి పది గంటలకు నాకు పళ్లు పటపటలాడే చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. కాలు ముట్టుకుంటే పొయ్యి మీది పెంకులా ఉంది. అన్నింటికంటే నన్ను భయపెట్టింది, దురద పూర్తిగా పోయి దాని స్థానంలో లోపలి నుంచి పోటు రావడం. హైదరాబాదులో స్టాఫ్ నర్సుగా పనిచేసే మా చెల్లెలికి ఫోన్ చేస్తే, అది అంతా విని, "అక్కా, బాల్‌పెన్ తీసుకొని ఎరుపు ఎంతవరకు ఉందో దాని అంచు వెంబడి గీత గియ్యి, పక్కన టైము రాయి, రెండు గంటల్లో గీత దాటితే తెల్లారేదాకా ఆగొద్దు" అన్నది.

మా అమ్మాయి వణికే చేతులతో నీలిరంగు గీత గీసి పక్కన 11 అని రాసింది. ఒంటిగంటకు టార్చి వెలుగులో చూస్తే ఎరుపు గీతను దాటి రెండు వేళ్ల మందం పైకి పాకింది. ఆసుపత్రికి పోదామని మావారిని లేపుతుంటే, పక్క గదిలోంచి మా మరిది అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను: "పురుగు కుట్టినదానికి ఇంత ఆగమాగం జేస్తవేంది వదినా, పండుగ పూట అందరి నిద్ర చెడగొడుతున్నవ్." మావారు ఒక్క క్షణం తటపటాయించారు. ఆ ఒక్క క్షణాన్ని ఆయనకు నేను ఇంకా క్షమించలేదు, ఇది చదివినా సరే. అమ్మాయే 108కు ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చేలోగా రెండో గీత కూడా గీసింది.

ఆసుపత్రిలో జరిగినదంతా చెప్పవలసినంత విశేషమైనది కాదు: రక్తపరీక్షలు, సెలైను, నాలుగు రోజులు నరం ద్వారా యాంటీబయాటిక్, ఆ తరువాత మాత్రలు, కాలు రెండు దిండ్ల మీద ఎత్తి పెట్టడం. చక్కెర 240 ఉందని తేలింది. వైద్యురాలు దీన్ని సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం లోపలి పొరలకు సూక్ష్మజీవులు సోకడం. పొదల్లో తిరిగానని చెప్పగానే ఆమె మోకాళ్ల వెనుక, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి పొక్కు కోసం ఓపికగా వెతికారు, ఎందుకంటే వానలు వెళ్లే ఈ రోజుల్లో పొదల్లో ఉండే చిగర్ మైట్లనే కంటికి ఆనని సన్నటి పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా వస్తుంది, దానికి వాడే మందు వేరు. ఆమె ఒక్కసారి కూడా నా మీద విసుక్కోలేదు. పురుగు ఉమ్మిలోని ప్రోటీన్లకు శరీరం బదులిస్తూ హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయడం వల్లనే దద్దురూ దురదా వస్తాయని, మొదటి ఒకటి రెండు రోజుల్లో వచ్చే వాపు చాలా వరకు ఇదేనని, రోజులు గడిచే కొద్దీ నొప్పీ వేడీ పెరిగి జ్వరం వస్తే మాత్రం అది వేరే సంగతి అని నాకు విడమరచి చెప్పారు.

మూడో రోజు ఉదయం వైద్యురాలు వేసిన గీత లోపలే ఎరుపు ఆగిపోయి కనిపించింది. నేను మంచం మీదే ఏడ్చాను.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా పురుగు కుడితే ముందు సబ్బుతో కడిగి, చల్లటి తడిబట్ట పది నిమిషాలు పెట్టండి, కాలమైన్ లోషన్ రాయండి, గోళ్లు కత్తిరించండి. దురద నిద్ర పట్టనివ్వకపోతే వైద్యుణ్ణి అడిగి సెట్రిజిన్ వంటి మాత్ర వేసుకోండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. చీటీ లేని ట్యూబు మాత్రం ఎవరిచ్చినా ముట్టకండి.

అత్తమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది, సంక్రాంతి తరువాత వెళ్లి చెల్లించాము. మందులు బతికించాయని నాకు తెలుసు, అయినా ఆ గుడి మెట్ల మీద నా కాలు నిలిచినప్పుడు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మరిది ఆ మాట గురించి ఇంతవరకు ఒక్క ముక్క మాట్లాడలేదు. మొన్న వాళ్ల చిన్నవాడికి చెయ్యంతా దద్దుర్లు లేస్తే అత్తమ్మే నాకు ఫోన్ చేసింది: "సున్నం పెట్టలే బిడ్డా, తడిబట్ట పెట్టిన. పెన్నుతోని గీత గియ్యాల్నా?"