డిప్‌స్టిక్ లేని ఆటోమేటిక్‌కి గేర్ ఆయిల్ మార్పు: మూడు విడతల లాగ్

బండి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఆటోమేటిక్, ముందు చక్రాల డ్రైవ్. మీటరు 78,200 కి.మీ. కంపెనీలో నింపిన ఆయిలే ఇప్పటిదాకా ఉంది. గేర్లు జారడం లేదు, కుదుపు లేదు, రివర్స్ వేస్తే వెంటనే పట్టుకుంటోంది. ఆయిల్ మార్చాల్సింది ఇలాంటప్పుడే. జారడం మొదలయ్యాక మార్చి, "ఆయిల్ మార్చాకే గేర్‌బాక్స్ పోయింది" అనుకునేవాళ్లు చాలామంది. అప్పటికే అరిగిపోయిన క్లచ్ ప్లేట్లను కొత్త ఆయిల్ బాగుచేయలేదు, అంతే.

మాన్యువల్‌లో "లైఫ్‌టైమ్ ఫిల్" అని ఉంటుంది. ఎవరి లైఫో రాయరు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. ట్రాఫిక్‌లో ఆగి కదిలే బండికి ఇందులో చిన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

మూడు విడతలు ఎందుకంటే, కింద బోల్టు విప్పితే మొత్తం ఆయిల్ రాదు. ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం 7 లీటర్లు పడుతుంది. డ్రైన్ చేస్తే దాదాపు 3 లీటర్లు దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, వాల్వ్ బాడీలో (గేర్లు మార్చడానికి ఆయిల్‌ని దారి మళ్లించే భాగం), కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. కొత్తది పోసి బండి నడిపితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. మళ్లీ 3 లీటర్లు తీస్తే అందులో కొంత కొత్త ఆయిల్ కూడా పోతుంది. రెండో విడతలో ప్యాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పళ్లెం) కూడా దించితే ఇంకో అర లీటరు వస్తుంది కాబట్టి లెక్క ఇలా తేలింది: మొదటి విడత తర్వాత కొత్త ఆయిల్ 43 శాతం, రెండోదాని తర్వాత 71, మూడోదాని తర్వాత 84. నాలుగోసారి చేస్తే 91కి వెళుతుంది. ఆ ఏడు శాతం కోసం ఇంకో 3 లీటర్లు పోయడం దండగ.

కూలర్ పైపు ఊడదీసి ఇంజన్ నడుపుతూ మొత్తం ఒకేసారి మార్చే పద్ధతీ ఉంది. ఒక లీటరు బయటికి రాగానే ఇంజన్ ఆపాలి, ఒక లీటరు పోయాలి, మళ్లీ స్టార్ట్ చేయాలి. ఒక్కడే చేస్తుంటే పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న బండికి అది పర్వాలేదు, దీనికి వద్దనిపించింది.

సామాన్లు

ఆయిల్ 12 లీటర్లు: మూడు విడతలకు 9.5, లెవెల్ చూసేటప్పుడు పొర్లిపోయేది విడతకు 200 నుంచి 400 ఎం.ఎల్., మిగతాది నిల్వ. ఏ ఆయిల్ అన్నది మాత్రం మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషన్ పేరు చూసే తీసుకోవాలి. "ఎరుపు రంగు ఏటీఎఫ్" (ఆటోమేటిక్ గేర్ ఆయిల్) అని అడిగితే పనికిరాదు. ఆ ఎరుపు ఇంజన్ ఆయిల్ నుంచి తేడా తెలియడానికి కలిపే రంగే, నాణ్యతకు గుర్తు కాదు. అసలు తేడా ఘర్షణను సర్దే రసాయనాల్లో ఉంటుంది. ఒకప్పుడు ఆ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు, 1970ల్లో అది ఆగిపోయింది. ఆ రసాయనం మన గేర్‌బాక్స్‌కి కుదరకపోతే లాకప్ క్లచ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపేందుకు కన్వర్టర్‌లో ఉండే క్లచ్) పట్టేటప్పుడు, 50-70 వేగంలో సన్నగా యాక్సిలరేటర్ మీద కాలుంచినప్పుడు, గతుకుల రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు వస్తుంది. వేరే రకం ఆటోమేటిక్‌లైన సీవీటీకి, డ్యూయల్ క్లచ్‌కి ఆయిళ్లు వేరు, పద్ధతులు వేరు. ఈ లాగ్ వాటికి వర్తించదు.

ఇవిగాక ఆయిల్ దించే డ్రైన్ బోల్టు, పోసే ఫిల్లర్ బోల్టులకు కొత్త వాషర్లు, ప్యాన్ గాస్కెట్, ఫిల్టరు దాని సీలుతో సహా, 6 ఎం.ఎం. ఎల్-కీ, చిన్న టార్క్ రెంచ్, లీటరు గీతలున్న కొలత జగ్గు, గరాటు, మీటరున్నర ట్యూబు. ట్యూబు లోపలి వెడల్పు 10 ఎం.ఎం.కి తగ్గితే చల్లటి ఆయిల్ దిగడానికి అరగంట పడుతుంది. తుడవడానికి నూలు ఊడని గుడ్డే వాడాలి. కాటన్ వేస్ట్ పోగు ఒక్కటి వాల్వ్ బాడీలో చిక్కితే చాలు.

టెంపరేచర్ చూడటానికి స్కానర్ కావాలి. ఇక్కడో తిరకాసు ఉంది. మామూలు ఓబీడీ రీడర్లలో (బండి కంప్యూటర్‌కి తగిలించి చూసే పరికరాలు) కనిపించేది కూలెంట్ వేడి. గేర్ ఆయిల్ వేడి ఒక్కో కంపెనీకి ఒక్కో కోడ్‌లో ఉంటుంది కాబట్టి, ఆ బండి కోడ్లు తెలిసిన యాప్ గానీ స్కానర్ గానీ ఉండాలి. లేజర్ థర్మామీటరు ప్యాన్‌కి గురిపెట్టి చూడొచ్చు, కానీ మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. ప్యాన్ మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూస్తే కొంత నయం.

78,200 కి.మీ. – మొదటి విడత

పొద్దున్నే, బండి చల్లగా ఉండగా మొదలు. నాలుగు చక్రాలూ లేపి నాలుగు జాక్ స్టాండ్ల మీద పెట్టాలి. ముందు వైపే లేపితే ఆయిల్ వెనక్కి చేరి లెవెల్ తప్పు చూపిస్తుంది. డోరు కింది అంచు మీద రసమట్టం పెట్టి పొడవునా, అడ్డంగా సరిచూశాక స్టాండ్లు ఖాయం. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద ఉన్న బండి కిందికి దూరకూడదు.

ముందు ఫిల్లర్ బోల్టు వదులు చేయాలి, ఆ తర్వాతే డ్రైన్ బోల్టు. ఈ వరస మారిస్తే, ఆయిలంతా కిందికి వదిలేశాక పై బోల్టు రాదని తెలుస్తుంది. అప్పుడు బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. ఫిల్లర్ బోల్టు ఎడమ చక్రం వెనక ఉంది, ప్లాస్టిక్ కవరు మూడు క్లిప్పులు తీస్తే చెయ్యి దూరుతుంది. దాని చుట్టూ ఉన్న మట్టి బ్రష్‌తో దులిపాకే విప్పాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా గేర్లలోకి.

కింద బోల్టు తీస్తే ఓ గ్లాసుడు ఆయిల్ కారి ఆగిపోయింది. చాలామంది ఇక్కడే మోసపోతారు, పని అయిపోయిందనుకుంటారు. ఆ రంధ్రంలోకి టార్చి కొట్టి చూస్తే నిలబెట్టిన చిన్న ప్లాస్టిక్ గొట్టం కనబడుతుంది. అది ఓవర్‌ఫ్లో పైపు. ఆయిల్ లెవెల్‌ని కొలిచే డిప్‌స్టిక్ ఈ గేర్‌బాక్స్‌కి అదే. ఎల్-కీ లోపలికి పెట్టి ఆ గొట్టాన్ని కూడా విప్పితేనే అసలు ఆయిల్ దిగుతుంది. మళ్లీ బిగించేటప్పుడు చేతి బిగువు చాలు, ప్లాస్టిక్ మర తొందరగా పోతుంది. దాన్ని పెట్టడం మరిచిపోతే లెవెల్ చూడ్డానికి బోల్టు తీసినప్పుడు పోసిందంతా బకెట్లోకి వచ్చేస్తుంది.

దిగింది 2.8 లీటర్లు. కొలిచేటప్పుడు పాత ఆయిలూ కొత్త ఆయిలూ ఒకే వేడిలో ఉండాలి. 80 డిగ్రీల ఆయిల్ 3 లీటర్లు కొలిస్తే, 40 డిగ్రీలకు చల్లారేసరికి 100 ఎం.ఎల్. దాకా తగ్గుతుంది. రంగు ముదురు గోధుమ, మాడు వాసన లేదు. తెల్ల టిష్యూ మీద ఒక చుక్క వేసి పది నిమిషాలు వదిలితే, చుట్టూ ఎర్రటి వలయం బాగా పాకింది, మధ్యలో మచ్చ చిన్నది. మధ్య మచ్చ నల్లగా, చిక్కగా ఉండి వలయం పాకకపోతే క్లచ్ పొడి ఎక్కువైందని. గులాబి రంగు పాలలా వస్తే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు కలిశాయని. అప్పుడు ఆయిల్ మార్పు ఆపి ముందు రేడియేటర్ సంగతి చూడాలి.

పోసింది 3.2 లీటర్లు, అంటే దిగినదానికి 400 ఎం.ఎల్. ఎక్కువ. ఆ ఎక్కువ కావాలనే, లెవెల్ చూసేటప్పుడు పొర్లడానికి. ఫిల్లర్ బోల్టు చేత్తో పెట్టి ఇంజన్ స్టార్ట్. బ్రేకు మీద కాలుంచి పీ, ఆర్, ఎన్, డీ ఒక్కో స్థానంలో ఐదు సెకన్లు, వెనక్కి అలాగే, రెండుసార్లు. చక్రాలు గాల్లో ఉన్నాయి కాబట్టి బ్రేకు వదిలితే తిరుగుతాయి. మనిషెవరూ కింద ఉండకూడదు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు, తలుపు పూర్తిగా తెరిచే ఉండాలి. చివరికి పీలో పెట్టి ఐడిల్‌లో వదలాలి.

లెవెల్

పనంతా ఒక ఎత్తు, ఈ ఐదు నిమిషాలు ఒక ఎత్తు. ఈ గేర్‌బాక్స్‌కి కొలత వేళ ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంజన్ నడుస్తూనే ఉండాలి, ఎందుకంటే ఆపితే కన్వర్టర్, పైపుల్లోని ఆయిల్ కొంత కిందికి దిగి ప్యాన్‌లో మట్టం పెరుగుతుంది. ఏటీఎఫ్ వేడికి బాగానే ఉబ్బుతుంది. 7 లీటర్ల ఆయిల్ 30 నుంచి 90 డిగ్రీలకు వెళితే దాదాపు మూడో వంతు లీటరు పెరుగుతుంది. 65 డిగ్రీల దగ్గర బోల్టు తీస్తే ఉబ్బిన ఆయిల్ పొర్లి, నిజానికి తక్కువ మిగులుతుంది. 25 దగ్గర మూసేస్తే వేడెక్కాక ఎక్కువవుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, డీ వేశాక ఒక క్షణం ఆలస్యంగా పట్టుకుంటుంది, మలుపుల్లో జారుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగకు ప్రెజర్ ఉండదు కాబట్టి అప్పుడూ జారుడే. పైగా బ్రీతర్ (గేర్‌బాక్స్ గాలి రంధ్రం) దగ్గర కక్కుతుంది.

38 డిగ్రీల దగ్గర కింది బోల్టు తీస్తే పెన్సిలంత ధార. అది సన్నబడుతూ పుల్లంత అయి, తెగి, చుక్కలుగా మారింది. చుక్కకీ చుక్కకీ మధ్య సెకను ఎడం వచ్చిన చోట బోల్టు పెట్టేయాలి. అప్పటికి వేడి 41. పూర్తిగా ఆగేదాకా చూస్తూ కూర్చుంటే అది ఆగదు, వేడెక్కే కొద్దీ ఉబ్బి కారుతూనే ఉంటుంది. బోల్టు తీసినప్పుడు ఏమీ రాకపోతే ఆయిల్ చాలలేదని, పైనుంచి ధార వచ్చేదాకా పోయాలి. ఎండాకాలం మధ్యాహ్నం మొదలుపెడితే ఇంజన్ స్టార్ట్ చేసేసరికే 40 దాటుతుంది, అందుకే పొద్దున్నే పని.

పొర్లింది 200 ఎం.ఎల్. అంటే లోపల నిలిచింది 3.0 లీటర్లు, దిగింది 2.8. ఇన్నాళ్లూ 200 ఎం.ఎల్. తక్కువతోనే నడిచిందన్నమాట. "దిగినంతే పోయండి" అన్న సలహాతో ఇదే చిక్కు, పాత తప్పు అలాగే కొనసాగుతుంది.

79,400 కి.మీ. – రెండో విడత, ప్యాన్ దించి

డ్రైన్ అంతా పైన చెప్పినట్టే. ఆ తర్వాత ప్యాన్ బోల్టులన్నీ తీసి, ఒక వైపు మూలల్లో రెండు మాత్రం నాలుగు చుట్లు వదులుగా ఉంచాలి. రెండో వైపు ప్యాన్ మెల్లగా వంగి మిగిలిన ఆయిల్ ఒక మూలనుంచి దిగుతుంది. అన్నీ ఒకేసారి తీస్తే మొహం మీదికే. మొత్తం దిగింది 3.5 లీటర్లు.

ప్యాన్‌లో మూడు అయస్కాంతాలు. మూడింటి మీదా బూడిద రంగు ముద్ద, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా ఉంది. అది మామూలు అరుగుదలే. వేలికి గరుగ్గా తగిలే ముక్కలు, సూదుల్లాంటి చీలికలు ఉంటే గేరు గానీ బేరింగు గానీ పోతోంది. అయస్కాంతానికి అంటుకోకుండా ప్యాన్ అడుగున పసుపుపచ్చగా మెరిసే రజను ఉంటే బుష్షులు అరుగుతున్నాయి. అయస్కాంతాలు తుడిచి ఎక్కడివి అక్కడే పెట్టాలి.

ఫిల్టరు లాగితే దాని సీలు కొన్నిసార్లు పైన రంధ్రంలోనే ఉండిపోతుంది. కొత్త ఫిల్టరు కొత్త సీలుతో వస్తుంది, పాతది తీయకుండా ఎక్కిస్తే ఫిల్టరు పూర్తిగా లోపలికి కూర్చోదు. పంపు పక్కనుంచి గాలి పీల్చి కూత పెడుతుంది. వేలితో తడిమి చూడాలి. ఇక్కడ పాత సీలు పైనే ఉంది. గీతలు పడకుండా ప్లాస్టిక్ పుల్లతో తీయాల్సి వచ్చింది.

రబ్బరు గాస్కెట్‌కి సిలికాన్ పూయొద్దు. అది జారి గాస్కెట్ బయటికి తన్నుకొస్తుంది, లోపలికి చిమ్మిన ముక్కలు ఫిల్టర్‌లో చేరతాయి. గాస్కెట్ లేకుండా సీలెంట్ మీదే కూర్చునే ప్యాన్ల లెక్క వేరు. ప్యాన్ బోల్టుల బిగువు ఇక్కడ 7 న్యూటన్ మీటర్లే. పెద్ద రాట్చెట్ పెడితే చేతికి తెలియకుండానే దాటిపోతుంది, అల్యూమినియం కేసులో మర పోతే బాగుచేయడం పెద్ద పని. మధ్యనుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా, ముందు 4కి, తర్వాత 7కి. కారుతోందని ఇంకా బిగిస్తే బోల్టుల చోట ప్యాన్ అంచు లోపలికి నొక్కుకుపోయి మధ్యలో మరింత కారుతుంది.

లోపల నిలిచింది 3.5 లీటర్లు. దిగినంతే పట్టింది, అంటే మొదటి విడత లెవెల్ సరిగానే కుదిరింది.

80,900 కి.మీ. – మూడో విడత

దిగింది 3.0, పట్టింది 3.0. ఆయిల్ రంగు తేటగా ఎరుపు, మొదటిదాని పక్కన పెడితే పోలికే లేదు. డ్రైన్ బోల్టు దగ్గర సన్నగా చెమ్మ కనబడింది. రెండో విడతలో వాడిన వాషరే మళ్లీ పెట్టడం వల్ల. ఆ వాషర్ ఒక్కసారే నలగడానికి చేసింది. కొత్తది వేశాక ఆగింది.

నడకలో తేడా గురించి అతిశయోక్తి వద్దు. చల్లటి ఇంజన్ మీద రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఉన్న చిన్న తడబాటు పోయింది, అంతకు మించి ఏమీ లేదు. ఆయిల్ మార్చిన మొదటి 100 కి.మీ.లో గేర్లు కాస్త గట్టిగా పడొచ్చు. పాత ఆయిల్‌కి అలవాటుపడిన కంప్యూటర్ మళ్లీ సర్దుకోవాలి. స్కానర్‌లో అడాప్టేషన్ రీసెట్ (ఆ పాత అలవాటును చెరిపేయడం) ఉంటే చేయొచ్చు. చేశాక కంప్యూటర్ కొత్తగా నేర్చుకోవడానికి మాన్యువల్‌లో చెప్పిన రీలెర్న్ నడక కూడా చేయాలి, సగంలో వదిలితే రీసెట్ చేయకపోవడమే మేలు.

పాత ఆయిల్ మొత్తం 9.3 లీటర్లు, పొర్లిందీ కలిపి 10 లోపు, ఖాళీ అయిన కొత్త డబ్బాల్లోకే పోసి మూత బిగించి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇచ్చేయడం. కూలెంట్‌తో గానీ పెట్రోలుతో గానీ కలపొద్దు, కలిపితే తీసుకోరు.

81,400 కి.మీ. దగ్గర ప్యాన్ అంచు చుట్టూ తెల్ల టిష్యూతో తుడిచి చూస్తే పొడిగా ఉంది. రెండు బోల్టుల దగ్గరా పొడే. మిగిలిన ఆయిల్ సుమారు 1.8 లీటర్లు, మూత సీలుగా బిగించి, కి.మీ. రాసిన చీటీ డబ్బాకి అంటించి ఉంది. తర్వాతి డ్రైన్ 1,20,000 దగ్గర, ఒక్క విడత, ప్యాన్ దించకుండా.