నాన్న మూలమట్టం, నా మూడు డిగ్రీలు

నేను ఫ్రీమేసన్‌గా చేరి మూడేళ్లయింది. ఇది తాపీపని పనిముట్లని గుర్తులుగా పెట్టుకుని మనిషి నడవడిక గురించి నేర్పే ఒక పాత సోదర సంఘం. ఈ మధ్య ఆఫీసులో ఇద్దరు, ఊళ్లో మా బావమరిది, అందరూ ఒకటే అడుగుతున్నారు: ఎలా చేరాలి, ఎంత కట్టాలి, లోపల ఏం చేస్తారు? మొదటి రెండింటికీ పూర్తిగా జవాబు చెప్తాను. మూడోదానికి చెప్పగలిగినంత చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఫోన్లో ఒక ప్రకటన చూసి, అందులో ఉన్న నంబరుకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు, ఫామ్ పంపించాడు, రిజిస్ట్రేషన్‌కి ఆరు వేల ఐదొందలు కట్టమన్నాడు. కట్టేశాను. నాలుగు రోజులకి 'కిట్' కోసం నలభై వేలు అడిగాడు. చేరితే డబ్బు, పలుకుబడి వాటంతట అవే వస్తాయన్నాడు. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. ఆ ఆరున్నర వేలు తిరిగి రాలేదు. దయచేసి గుర్తుపెట్టుకోండి: అసలైన లాడ్జి (మేసన్ల స్థానిక శాఖని అలా అంటారు) ఏదీ మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. మనుషులెవరో తెలియకుండా ఫోన్లో డబ్బు తీసుకోదు. ధనవంతుల్ని చేస్తామని చెప్పదు. ఎవరైనా అలా డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నాకు అసలు దారి దొరికింది మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే. రైల్వేలో రిటైరైన ఒక అంకుల్ కారు వెనక అద్దం మీద మూలమట్టం, వృత్తాలు గీసే కంపాసు కలిసిన గుర్తు ఉండేది. రెండేళ్లు రోజూ చూశాను, అదేమిటో తెలియదు. అది ఫ్రీమేసన్ల గుర్తని తెలిశాక వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, "అడిగావు కాబట్టి చెప్తాను బాబూ, నువ్వు అడగకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు" అన్నారు. రమ్మని పిలవకపోవడం వాళ్ల పద్ధతి. మనమే అడగాలి.

అడిగినంత మాత్రాన వెంటనే ఫామ్ ఇవ్వలేదు. దాదాపు ఎనిమిది నెలలు సాయంత్రం నడకలో నాతో మాట్లాడుతూనే ఉన్నారు. తనకి బాగా తెలియని మనిషిని ప్రతిపాదిస్తే అది తన మాటకే మచ్చ అన్నారు. ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఇంకొకరు ఉండాలి. 21 ఏళ్లు నిండిన మగవాడై ఉండాలి, దేవుడున్నాడని నమ్మాలి. ఏ దేవుడు, ఏ మతం అని మాత్రం అడగరు. గ్రాండ్ లాడ్జి అంటే లాడ్జీలకి పై సంస్థ. ఇండియా గ్రాండ్ లాడ్జి కింద ఉన్న లాడ్జీల్లో గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ సాహిబ్, పార్సీల జెండ్ అవెస్తా కలిసి ఉంటాయి. ఎవరు నమ్మే గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. లోపల రాజకీయం, మతం చర్చించకూడదన్నది గట్టి నియమం. మనవైపు నలుగురు కూర్చుంటే ముందొచ్చే రెండు గొడవలూ అవే కదా, రెండు గంటలు అవి లేకుండా కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో అక్కడికెళ్లాకే నాకు తెలిసింది.

'ఇది తెల్లవాళ్ల వ్యవహారం, మనకెందుకు' అని మా బావమరిది అంటుంటాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. 1717లో లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి ఏర్పడితే, 1730 నాటికే కలకత్తాలో లాడ్జి వచ్చేసింది. కానీ అది ఈస్టిండియా కంపెనీ మనుషుల కోసం. మనవాళ్లని, ముఖ్యంగా హిందువుల్ని, చాలాకాలం రానివ్వలేదు. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే ఆయన ఏళ్ల తరబడి పట్టు విడవకుండా పోరాడి 1872లో లోపలికి వెళ్లాడు. ఆయన్ని చేర్చుకున్న ఆ లాడ్జిలోనే 1884లో నరేంద్రనాథ్ దత్తా చేరాడు, అంటే తర్వాతి వివేకానందుడు. 1961 నవంబర్ 24న ఢిల్లీలో మనకంటూ సొంత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఒకాయన తలుపు దగ్గర నిలబడి అన్నేళ్లు అడిగాడన్న సంగతి తెలిశాక, నా ఎనిమిది నెలలు నాకు పెద్దగా అనిపించలేదు.

ఒకరోజు అంకుల్ నన్ను గోషామహల్ బారాదరికి తీసుకెళ్లి బయటి నుంచి చూపించారు. కుతుబ్‌షాహీల నాటి కట్టడం, ఇప్పుడు మేసన్ల హాలు. దాని కింద గోల్కొండ దాకా సొరంగం ఉందనే కథ హైదరాబాదులో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మేసన్ల హాళ్లని జనం జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అనడం ఇండియా అంతటా ఉందట. తలుపులు మూసి ఉంటే ఊహలు పుట్టడం సహజమే. ఇంట్లో కూడా అంతే. 'లాడ్జికి వెళ్తున్నాను' అంటే మనకి బస్టాండ్ పక్కన గదులే గుర్తొస్తాయి. అందుకే ఫామ్ నింపకముందే మా ఆవిడకి అన్నీ చెప్పాను. అది నేను చేసిన మంచి పని. ఎందుకంటే లాడ్జి నుంచి ముగ్గురు పెద్దవాళ్లు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, నాకంటే ముందు ఆవిడనే అడిగారు: "నెలకో సాయంత్రం ఈయన మాతో ఉంటారు, ఖర్చు కూడా ఉంటుంది. మీకేమైనా అభ్యంతరమా అమ్మా?"

నన్ను అడిగినవి రెండే రెండు సూటి ప్రశ్నలు. ఎందుకు చేరుతున్నావు, పిల్లల చదువుకి ఇబ్బంది లేకుండా ఖర్చు భరించగలవా. వ్యాపార పరిచయాల కోసం వచ్చేవాళ్లు ఏడాది తిరక్కుండానే మానేస్తారని ముందే చెప్పారు. ఖర్చు సంగతి: చేరేటప్పుడు ఫీజు, ఏడాదికి చందా, ఒక నల్ల సూటు, తెల్ల గ్లవ్స్, మీటింగ్ తర్వాత విందు, దానధర్మాల హుండీ. ఇది లాడ్జిని బట్టి మారుతుంది, సెక్రటరీని అడిగి ముందే రాసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

మతం గురించి ఒక మాట. కాథలిక్కులు ఇందులో చేరకూడదని వాళ్ల చర్చి 1738 నుంచి అంటూనే ఉంది, 1983లో మళ్లీ స్పష్టం చేసింది. గుంటూరులో నా స్నేహితుడొకడు ఇది తెలిసి ఆగిపోయాడు. వాడు ఆగడమే సరైందని నాకనిపించింది. ప్రమాణం చేసి మనసులో బాధపడటం కంటే అదే నయం. ఆడవాళ్లకి మా లాడ్జీల్లో ప్రవేశం లేదు. వాళ్లు కూడా చేరగలిగే వేరే సంస్థ ఉంది, దాన్ని మన దేశానికి తెచ్చింది అనిబిసెంట్.

తర్వాత ఓటింగ్. ఒక పెట్టెలో తెల్ల గోళీలు, నల్ల గోళీలు వేస్తారు, ఎవరు ఏది వేశారో తెలియదు. నల్లవి పడితే అంతటితో సరి. ఆ సాయంత్రం ఫోన్ కోసం ఎదురుచూస్తూ పడిన టెన్షన్ నా ఉద్యోగం ఇంటర్వ్యూకి కూడా పడలేదు.

చేరే రోజు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. వాచీ, పర్సు, బెల్టు తీసేశాను. పెళ్లి ఉంగరం రాలేదు. పదిహేనేళ్లుగా తీయనిది, వేలు లావెక్కింది. తలుపు బయట కాపలా ఉండే పెద్దాయన్ని టైలర్ అంటారు, బట్టలు కుట్టే టైలర్ కాదు. ఆయన నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని, సబ్బు రాసి మెల్లగా తిప్పుతూ తీశారు. డెబ్బై దాటిన మనిషి. ఉంగరం కాగితంలో చుట్టి, నా పేరు రాసి జేబులో పెట్టుకున్నారు. లోపలికి వెళ్లకముందే నా భయం అక్కడే పోయింది.

లోపల జరిగేది చెప్పను, చెప్తానని మాట ఇవ్వలేదు కాబట్టి కాదు, చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి. మీరు వెతికితే ఎక్కడైనా దొరుకుతుంది కూడా. కానీ చదవకుండా వెళ్లండి. తెలియకుండా వెళ్లినవాడికి అది ఒక్కసారే జరుగుతుంది. ఒకటి మాత్రం భరోసా: మీ దేవుడికి, దేశానికి, ఇంటికి మీరు కట్టుబడి ఉన్న బాధ్యతలకి ఆ ప్రమాణం అడ్డు రాదని ముందే చెప్పి, ఆ తర్వాతే చేయిస్తారు.

డిగ్రీలు, అంటే ఇందులో మెట్లు, మూడే. మొదటిదాన్ని ఎంటర్డ్ అప్రెంటిస్ అంటారు, రెండోది ఫెలో క్రాఫ్ట్, మూడోది మాస్టర్ మేసన్. 'ముప్పైమూడో డిగ్రీ' అని వినే ఉంటారు. అది వేరే శాఖకి సంబంధించింది. మాస్టర్ మేసన్ కంటే పైన ఏదీ లేదు. రెండో, మూడో డిగ్రీలకి ముందు కొన్ని ప్రశ్నలకి జవాబులు కంఠస్థం చేసి అందరి ముందూ చెప్పాలి. మా లాడ్జిలో అన్నీ ఇంగ్లీషులో, పాతకాలం ఇంగ్లీషులో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, మూడో ప్రశ్న దగ్గర నోరు ఎండిపోయింది. పక్కన ఉన్నాయన మొదటి మాట అందించారు, అక్కణ్ణుంచి వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గేవాళ్లకి ఈ మాట చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

రెండో డిగ్రీలో పనిముట్లు చూపిస్తారు: మూలమట్టం, మట్టం, తూకం గుండు. ఇది రహస్యం కాదని అడిగి తెలుసుకున్నాకే రాస్తున్నాను. మా నాన్న తాపీమేస్త్రీ. గుంటూరు జిల్లాలో చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఇళ్లు కట్టాడు. సెలవుల్లో ఆయన సంచీ మోసింది నేనే. ఆ మూడూ ఆ సంచీలోవే. సిగ్గుపడి స్నేహితులకి కనిపించకుండా పక్క సందులోంచి మోసుకెళ్లిన సంచీ. సూటు వేసుకున్న పెద్దమనుషులు వాటిని వరసగా పెట్టి, ఒక్కొక్కటీ మనిషికి ఏం నేర్పుతుందో చెప్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "గుండుకి ఏ దారం కట్టారు రా?" అన్నాడు. చూడలేదన్నాను. "పురి లేని దారం కట్టాలి. లేకపోతే గుండు తిరుగుతూనే ఉంటుంది, నిలవదు. చెప్పు వాళ్లకి" అన్నాడు.

నాలుగు నెలలకి నాన్న పోయాడు. పెద్దకర్మకి అంకుల్, ఆ టైలర్ గారు, ఇంకొకాయన పొద్దున్నే రైలెక్కి మా ఊరొచ్చారు. నాన్న సంచీ అరుగు మీదే ఉంది. అంకుల్ అందులోంచి గుండు తీసి, దారం వేళ్ల మధ్య జార్చి చూసి, మళ్లీ లోపల పెట్టారు. ఏమీ మాట్లాడలేదు.

మూడో డిగ్రీకి తొందర లేదు, నీకు మనసు కుదిరినప్పుడే అన్నారు. ఆర్నెల్లు ఆగాను. ఆ డిగ్రీ మరణం గురించి. బైబిల్లోని సొలొమోను రాజు కట్టించిన గుడికి పెద్ద మేస్త్రీగా ఉన్న మనిషి కథ. అంతకంటే చెప్పను. మేస్త్రీ కొడుకుగా ఆ రాత్రి అక్కడ ఉండటం నాకేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. మూడు డిగ్రీలూ మూడు నెలల్లో ముగించేయమని అడిగేవాళ్లు ఉంటారు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం కొన్ని వారాలు ఉండాలి, అది నియమం. కొన్ని నెలలు తీసుకోండి, అది నా మాట.

ఈ ఏడాది నాకు జూనియర్ డీకన్ పని ఇచ్చారు. కొత్తగా వచ్చేవారి చెయ్యి పట్టుకుని నడిపించడం ఆ పనిలో భాగం. వచ్చే నెల ఒకాయన చేరుతున్నారు. ఆయన కోసం నా మాటలు రోజూ రాత్రి మేడ మీద నడుస్తూ చదువుకుంటున్నాను. ఇంకా రెండు చోట్ల తడబడుతున్నాను.