న్యూజిలాండ్‌లో ఔట్‌డోర్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం: కాగితం కాపాడదు

స్కూలు పిల్లల్ని కొండలకీ వాగులకీ తీసుకెళ్లే పనికి న్యూజిలాండ్ వచ్చే మనవాళ్లు ముందుగా పొరబడేది తల్లిదండ్రుల సంతకం దగ్గర. ‘ఏం జరిగినా నిర్వాహకులకు సంబంధం లేదు’ అని రాయించుకుంటే గండం గడిచినట్టే అనుకుంటారు. ఇక్కడ ఆ కాగితానికి అంత బలం లేదు. 2015 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ చట్టం పెట్టిన బాధ్యతను ఒప్పందం రాసుకుని వదిలించుకోవడం కుదరదు. ఆ చట్టం కింద పడే జరిమానా కోసం బీమా తీసుకున్నా చెల్లదు.

అయితే దెబ్బలు తగిలినవాళ్లు నష్టపరిహారం కోసం కోర్టుకెక్కడం ఇక్కడ దాదాపు ఉండదు. 1974 నుంచి నడుస్తున్న ఏసీసీ అనే ప్రభుత్వ ప్రమాద బీమా పథకం, తప్పెవరిదని అడగకుండా చికిత్స ఖర్చు చూసుకుంటుంది. వర్క్ వీసా మీదున్న మనకూ అది వర్తిస్తుంది. పనిలో కాలు విరిగి ఇంట్లో కూర్చోవాల్సి వస్తే మొదటి వారం యజమాని, ఆ తర్వాత ఏసీసీ జీతంలో 80 శాతం ఇస్తారు. జ్వరానికీ గుండె జబ్బుకీ అది పనికిరాదు, వాటికి వేరే ఇన్సూరెన్స్ చూసుకోవాల్సిందే.

దావా భయం లేదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. కేసు పెట్టేది వర్క్‌సేఫ్ అనే ప్రభుత్వ సంస్థ. అది కంపెనీతో ఆగకపోవచ్చు. తెలిసీ లెక్కచేయకుండా ఎవరినైనా ప్రాణాపాయంలోకి నెడితే మామూలు ఉద్యోగికి కూడా 5 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

2008 ఏప్రిల్ 15న మంగటెపోపో లోయలో వాన ఉధృతికి ఏరు ఒక్కసారిగా పొంగి ఆరుగురు విద్యార్థులు, ఒక టీచరు చనిపోయారు. ఇరుకైన లోయలో నీళ్లు పెరిగాక ఎంత నైపుణ్యమున్నా చేయగలిగింది తక్కువ. లోయలోకి దిగాలా వద్దా అనేది పొద్దున్నే, తాజా వాతావరణ సూచన చేతిలో పెట్టుకుని తేల్చుకోవాలి. ఏరు దాటే దగ్గర చూడాల్సినవి నాలుగు: నీళ్లు మనిషి నడక కంటే వేగంగా పోతున్నాయా, రంగు మారాయా, కొమ్మలూ చెత్తా కొట్టుకొస్తున్నాయా, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తోందా. ఏ ఒక్కటి ఉన్నా దాటకూడదు. దాటేటప్పుడు బ్యాగు ఛాతీ పట్టీ విప్పుకోవాలి. దిగే ముందే, కాలు జారితే ఎక్కడికి కొట్టుకుపోతామో దిగువకు చూసుకోవాలి.

ఇంతమంది పిల్లలకు ఒక ఇన్‌స్ట్రక్టర్ అని ఆ చట్టంలో అంకె లేదు. ఆ రోజు నీళ్లు, పిల్లల వయసు, తోడొచ్చిన పెద్దల అనుభవం చూసి నిర్ణయించాలి, ఎందుకలా నిర్ణయించామో ఒక వాక్యమైనా రాసిపెట్టాలి. కిందటేడాది రాసిన ప్రమాద అంచనా ఫారం తేదీ మార్చి వాడటం అందరికీ అలవాటే. విచారణలో ముందు దొరికిపోయేదీ అదే.

అసలు చిక్కు ఒకరి పని ముగిసి మరొకరిది మొదలయ్యే అతుకుల దగ్గర వస్తుంది. రాత్రిపూట పిల్లలు ఎవరి బాధ్యత, టీచరుదా, క్యాంపు నడిపే సెంటరుదా? చట్ట ప్రకారం బాధ్యత ఇద్దరిదీ, ఒకరితో ఒకరు మాట్లాడుకుని తీరాలి. పిల్లాడికి ఆస్తమా ఉందని ఆరోగ్య ఫారంలో ఉంటుంది, ఫారం ఆఫీసులో ఉంటుంది, ఇన్‌హేలర్ గదిలో బ్యాగులో ఉంటుంది. బయల్దేరే ముందు పేరు పిలిచి, మందును కళ్లతో చూసి కదలాలి.

మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది బాసుకు ‘వద్దు’ అని చెప్పడం. వీసా ఆ కంపెనీ పేరు మీద ఉన్నప్పుడు నోరు పెగలదు. కానీ తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని సహేతుకంగా నమ్మితే పని ఆపే హక్కు అదే చట్టం ఇచ్చింది. అందుకు ఉద్యోగంలోంచి తీసేయడం నేరం. ఆపిన వెంటనే యజమానికి చెప్పాలి. నోటితో చెప్పినా, సమయంతో సహా మెసేజ్ కూడా పెట్టడం మంచిది.

పెద్ద ప్రమాదం జరిగితే ముందు 111కి ఫోన్. సిగ్నల్ లేకపోతే లొకేటర్ బీకన్ (మనం ఎక్కడున్నామో ఉపగ్రహం ద్వారా రక్షకులకు తెలిపే పరికరం) నొక్కాలి. దాని బ్యాటరీ గడువు ముందే చూసి ఉంచాలి. తర్వాత యజమాని వర్క్‌సేఫ్‌కు తెలపాలి. క్షతగాత్రులకు సాయం చేయడానికో, మరో ప్రమాదం జరగకుండా చూడటానికో తప్ప, ఇన్‌స్పెక్టర్ అనుమతించేదాకా అక్కడి తాళ్లూ సామానూ ముట్టుకోకూడదు. చూసింది మాత్రమే రాయాలి. ‘అందుకే జరిగి ఉంటుంది’ లాంటి మాటలు వద్దు.

ఉద్యోగ ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఆ కంపెనీ పేరు వర్క్‌సేఫ్ అడ్వెంచర్ రిజిస్టర్‌లో (సాహస కార్యక్రమాలు నడిపే సంస్థల జాబితాలో) ఉందేమో చూడండి, అది అందరికీ అందుబాటులోనే ఉంటుంది. రిజిస్టరైన సంస్థలకు కనీసం మూడేళ్లకోసారి సేఫ్టీ ఆడిట్ జరగాలి. చివరి ఆడిట్‌లో ఏం లోపాలు చూపారని ఇంటర్వ్యూలోనే అడగొచ్చు.